చుట్టీ నాటికి సైజు పెరుగుతుందా?

గల్ఫ్ క్యాంపుల్లో ఇది పైకి వినిపించే మాట కాదు. జీతం రాకపోతే నలుగురితో చెప్పుకుంటారు. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఎంబసీకి పోతారు. ఈ సంగతి మాత్రం పక్క బెడ్డు మీదున్న సొంతూరోడికి కూడా తెలియనివ్వరు. లైటు ఆరిపేశాక దుప్పటి ముసుగులో ఫోన్ తెరిచి వెతుకుతారు. చుట్టీ దగ్గర పడేకొద్దీ ఆ వెతుకులాట ఎక్కువవుతుంది. రెండేళ్ల తర్వాత ఇంటికి పోతున్నాం, ఆమె ఏమనుకుంటుందోనని పెళ్లయినవాళ్లకు బెంగ. సంబంధం ఖాయమై పెళ్లికి పోతున్న కుర్రాళ్లకు అంతకు రెండింతల బెంగ.

వెతికినవాళ్లకు ముందుగా కనిపించేవి వ్యాయామాలు. రోజుకు పావుగంట చాలు, మందుల్లేవు, మూడు నెలల్లో రెండంగుళాలు, పెరిగింది జీవితాంతం నిలుస్తుంది అని చెబుతారు. పైసా ఖర్చు లేదు కదా, చేసి చూస్తే పోయేదేముంది అనిపిస్తుంది. పోయేది ఉంది. ఒక రకం కసరత్తుతో నిజంగా వచ్చేది కూడా ఉంది, కానీ అది సైజు కాదు. ఈ రెండూ విడివిడిగా తెలిస్తే డబ్బూ, ఒళ్లూ రెండూ కాపాడుకోవచ్చు.

అది కండ కాదు

డంబెల్స్ ఎత్తితే చేతి కండ పెరుగుతుంది కాబట్టి కసరత్తు చేస్తే అంగం కూడా పెరుగుతుందని చాలామంది లెక్క. అసలు తేడా అక్కడే ఉంది. అంగం లోపల ఉండేది చేతిలో ఉన్నలాంటి కండ కాదు. స్పాంజి లాంటి రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. వాటి కింద మూత్రనాళం చుట్టూ ఇంకో సన్నటిది ఉంటుంది. ఉద్రేకం కలిగినప్పుడు ఆ స్పాంజిలోకి రక్తం చేరి ఉబ్బుతుంది. ఆ రెండు గొట్టాలను గట్టి పొర ఒకటి కప్పి ఉంచుతుంది. సైకిల్ ట్యూబు ఎంతవరకు ఉబ్బాలో టైరు నిర్ణయించినట్టు, అంగం ఎంతవరకు పెరగాలో ఆ పొర నిర్ణయిస్తుంది. ఈడు వచ్చే వయసులో హార్మోన్ల వల్ల జరగాల్సిన పెరుగుదల జరిగిపోతుంది. ఆ తర్వాత ఎత్తు పెరగనట్టే ఇదీ పెరగదు.

కనిపించేదంతా అంగం కాదన్నది ఇంకో సంగతి. దాని మొదలు చాలా భాగం ఒంటి లోపలే ఎముకకు అంటిపెట్టుకుని ఉంటుంది. పొట్ట కింద కొవ్వు పేరుకుంటే బయటి భాగం కూడా కొంత అందులో మునిగిపోతుంది. లావు తగ్గినవాళ్లు 'పెరిగింది' అనుకునేది ఈ మునిగిన భాగమే. పెరగకపోయినా, ఇది మాత్రం నిజంగా దక్కే లాభం, ఖర్చు లేని లాభం.

'అరబ్బుల రహస్యం'

నెట్‌లో ఎక్కువగా కనిపించే కసరత్తు పేరు జెల్కింగ్. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా పట్టి, ఆవు పొదుగు పిండినట్టు మొదటి నుంచి చివరికి మళ్లీ మళ్లీ ఒత్తుకుంటూ పోవడం. ఇది అరబ్బుల నాటి పాత విద్య అని, తండ్రి కొడుక్కి నేర్పేవాడని కథ కడతారు. అరబ్బు దేశంలోనే ఉంటున్న మనోళ్లకు ఈ మాట ఇట్టే ఎక్కుతుంది. ఆ కథకు చరిత్రలో ఆధారం లేదు. ఇక వైద్యం సంగతికొస్తే, జెల్కింగ్‌తో సైజు శాశ్వతంగా పెరుగుతుందని రుజువు చేసిన సరైన పరిశోధన ఒక్కటీ లేదు.

మరి పెరిగిందని చెప్పేవాళ్లంతా అబద్ధాలకోరులేనా? అందరూ కాదు. అరగంట సేపు ఒత్తితే వాపు వస్తుంది, రక్తం నిలుస్తుంది, కాసేపు లావుగా కనిపిస్తుంది. ఆ కాసేపట్లోనే స్కేలు పెడతారు. మొదటి రోజు ఏసీ గదిలో పైపైన కొలిచి, మూడు నెలల తర్వాత వేడినీళ్ల స్నానం చేసొచ్చి స్కేలును ఎముక దాకా నొక్కి కొలిస్తే ఏ కసరత్తూ లేకుండానే అర అంగుళం 'పెరుగుతుంది'. ఆశతో కొలిచే చెయ్యి కొంచెం తనవైపే లాగుతుంది, అది మనిషి నైజం.

నష్టం మాత్రం వాపుతో పోకపోవచ్చు. గట్టిగా ఒత్తితే చర్మం కింద ఎర్రటి చుక్కలు వస్తాయి, కమిలిపోతుంది, నరం తాడులా గట్టిపడి నొప్పి పెడుతుంది. పై పొరకు దెబ్బ తగిలి మచ్చ కడితే ఆ మచ్చ ఉన్న వైపు అంగం వంగిపోతుంది. పెరోనీ జబ్బు అని డాక్టర్లు చెప్పేది ఇలా వంగడాన్నే. పెంచుకోవడానికి మొదలుపెట్టి ఉన్నదాన్ని వంకర చేసుకోవడమంటే కూరగాయలకు పోయి పర్సు పోగొట్టుకున్నట్టే.

720 గంటల లెక్క

పరిశోధనల్లో కొంచెమైనా ఫలితం కనిపించింది ఒక్కదానికే. ఎక్స్‌టెండర్ అనే పరికరం. అంగాన్ని ఒక ఫ్రేములో బిగించి మెల్లగా సాగదీస్తుంది. ఇటలీ డాక్టర్లు 2009లో ప్రచురించిన అధ్యయనంలో కొద్దిమంది మగవాళ్లకు రోజుకు కనీసం 4 గంటల చొప్పున 6 నెలలు పెట్టించారు. మామూలుగా వేలాడే స్థితిలో సగటున 2.3 సెంటీమీటర్లు, సాగదీసి కొలిస్తే 1.7 సెంటీమీటర్లు పెరిగింది. లావు పెరగలేదు.

ఈ అంకెలు చూసి ఆశపడే ముందు డ్యూటీ లెక్కలో చూడండి. రోజుకు 4 గంటలు, 6 నెలలంటే 720 గంటలు. రోజుకు 8 గంటల డ్యూటీ లెక్కన 90 రోజుల పని. ఒక సెంటీమీటరున్నర చిల్లర కోసం! ఎనిమిది మంది ఉండే గదిలో, ఉదయం నాలుగింటికి బస్సెక్కి చీకటి పడ్డాక వచ్చే మనిషికి ఇది అయ్యే పనేనా? పరికరం పెట్టుకుని నిద్రపోతే రక్తం ఆడక ప్రమాదం. పైగా ఆ అధ్యయనం డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది, అందులో ఉన్నది అతి కొద్దిమంది. ఏళ్ల తరబడి ఆ పెరుగుదల నిలిచిందా అన్నదానికి గట్టి లెక్కలు లేవు.

వాక్యూమ్ పంపుల కథ ఇంకా చిన్నది. ఇరాన్‌లో 37 మందితో వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున 6 నెలలు చేయించి 2006లో ఫలితం ప్రకటించారు. సగటు 7.6 సెంటీమీటర్ల నుంచి 7.9కి వచ్చింది. అంటే 3 మిల్లీమీటర్లు. దాన్ని పెరుగుదలగా లెక్కకట్టడానికి లేదని వాళ్లే తేల్చారు. అంగస్తంభన సమస్య ఉన్నవాళ్లకు డాక్టర్లు ఈ పంపును చికిత్సగా ఇస్తారు, అది వేరే అవసరం. సైజు కోసం కొంటే డబ్బు దండగ.

నూనెల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన సంతల్లో ఉడుము తైలం, పాకిస్తానీలు, ఉత్తరాదివాళ్లు ఉండే చోట 'సాండా తేల్'. రెండూ బల్లి జాతి జీవాల కొవ్వు నుంచి తీస్తారు. ఏ నూనె రాసినా చర్మం మెత్తబడుతుంది తప్ప లోపలి గొట్టాల కొలత మారదు. ఉడుమును పట్టినా, చంపినా మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద కేసు.

ఎంతుంటే మామూలు?

ఈ బెంగంతా ఒక తప్పు కొలబద్ద నుంచి వచ్చింది. ఫోన్లో చూసే బూతు సినిమాల్లో మగవాళ్లను ఏరి తెస్తారు, కెమెరా కోణం కూడా పెద్దగా కనిపించేలా పెడతారు. మన దాన్ని మనం పైనుంచి కిందికి చూస్తాం కాబట్టి చిన్నగా కనిపిస్తుంది. పక్కవాడిదాన్ని పక్కనుంచి చూస్తాం. పోలిక అక్కడే తప్పుతుంది.

లండన్ కింగ్స్ కాలేజీ వైద్యులు 2015లో అంతవరకు జరిగిన 20 అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. 15 వేల మందికి పైగా మగవాళ్ల కొలతలు అందులో ఉన్నాయి. స్తంభించినప్పుడు సగటు పొడవు 13.12 సెంటీమీటర్లు, అంటే అయిదంగుళాల పైన కొంచెం. చుట్టుకొలత 11.66 సెంటీమీటర్లు. మనవాళ్లు వేరేమో అనే అనుమానానికి కేరళ వైద్యుల అధ్యయనం జవాబు. 2007లో అచ్చయిన ఆ లెక్కలో స్తంభించిన సగటు 13.01 సెంటీమీటర్లు. తేడా మిల్లీమీటరు. సగటంటే సగంమంది అంతకన్నా తక్కువ ఉంటారన్నది కూడా గుర్తుంచుకోవాలి. తక్కువంటే జబ్బు కాదు.

నిజంగా వైద్యం ఆలోచించాల్సిన హద్దు ఎక్కడ? అమెరికా యూరాలజిస్టులు 1996లో చెప్పిన కొలత, సాగదీసినా, స్తంభించినా 7.5 సెంటీమీటర్లు కూడా లేకపోవడం. అలాంటివాళ్లు చాలా అరుదు. ఇటలీలో 'నాది చిన్నది' అని ఆసుపత్రికి వచ్చిన 67 మందిని పరీక్షించి 2002లో రాశారు. వాళ్లలో ఒక్కరిది కూడా నిజంగా చిన్నదని తేలలేదు. వాళ్లలో ఎక్కువమంది, మామూలు సైజు అంటే ఎంతో ఎక్కువ ఉండాలని ఊహించుకున్నవాళ్లే.

ఇంటి దగ్గర ఆమె సంగతేమిటి? అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా 52 వేల మంది స్త్రీ పురుషులను అడిగిన సర్వే 2006లో వచ్చింది. తమ సైజు పట్ల తృప్తిగా ఉన్న మగవాళ్లు నూటికి 55 మంది. తమ భాగస్వామి సైజు పట్ల తృప్తిగా ఉన్న ఆడవాళ్లు నూటికి 85 మంది. దేశం వేరే, మనుషులు వేరే అనొచ్చు. కానీ మన తెలుగు పత్రికల్లో డాక్టర్ సమరం లాంటివాళ్లు దశాబ్దాలుగా జవాబులు ఇస్తూ వచ్చిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. అడిగేది ఎప్పుడూ మగవాళ్లే.

పనికొచ్చే కసరత్తు ఒకటుంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చుట్టీకి పోయేవాళ్లు సైజు పేరుతో పడే భయం వెనక చాలాసార్లు ఉండేవి రెండే. గట్టిదనం సరిగా రాకపోవడం, తొందరగా అయిపోవడం. ఈ రెండింటికీ పనికొచ్చే వ్యాయామం ఉంది. మలద్వారం, మూత్రనాళం చుట్టూ ఊయల లాగా ఉండే కటి కండరాలకు ఇచ్చే కసరత్తు అది. ఇవి నిజమైన కండరాలు కాబట్టి కసరత్తుకు బలపడతాయి. కెగెల్ వ్యాయామాలంటారు. ప్రసవం తర్వాత మూత్రం ఆగని ఆడవాళ్ల కోసం అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వీటిని ప్రచారంలోకి తెచ్చారు. మన యోగాలో మూలబంధం, అశ్వినీ ముద్ర తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

బ్రిటన్‌లో 20 ఏళ్లు పైబడిన, అంగస్తంభన సమస్య ఉన్న 55 మందితో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. 6 నెలల తర్వాత చూస్తే నూటికి 40 మందికి మామూలు స్థితి వచ్చింది. మరో మూడో వంతు మందికి మెరుగైంది. నాలుగో వంతు మందికి ఏమీ తేడా లేదు. శీఘ్రస్ఖలనం విషయంలో రోమ్ వైద్యులు 2014లో 40 మంది గురించి రాశారు. 12 వారాలు శిక్షణ ఇస్తే 33 మందికి అదుపు వచ్చింది. సగటు సమయం అర నిమిషం నుంచి దాదాపు రెండున్నర నిమిషాలకు పెరిగింది. అయితే అక్కడ కండరాల వ్యాయామంతో పాటు కరెంటు పరికరాల సాయం కూడా ఉంది. ఆరు నెలల దాకా కొనసాగింది 13 మందే, వాళ్లలో మాత్రం మెరుగుదల నిలిచింది.

రెండున్నర నిమిషాలా, అంతేనా అనిపిస్తుంది కొందరికి. నెట్‌లో గంట గంటన్నర అని చెప్పేవాళ్ల మాటలు విన్న చెవులకు అలాగే ఉంటుంది. అర నిమిషంలో అయిపోయి తల దించుకునేవాడికి మాత్రం ఆ రెండు నిమిషాల విలువ తెలుసు.

చేయడం కష్టం కాదు. గ్యాసు బయటికి రాకుండా బిగబట్టినట్టు లోపలికి లాగి పట్టాలి. అప్పుడు అంగం మొదలు కొంచెం లోపలికి కదిలినట్టు తెలుస్తుంది. 5 సెకన్లు పట్టి 5 సెకన్లు పూర్తిగా వదలాలి. అలా 10 సార్లు, రోజుకు మూడు విడతలు. కొన్ని వారాలకు 10 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. కండరం ఏదో తెలుసుకోవడానికి ఒకసారి మూత్రం మధ్యలో ఆపి చూడొచ్చు గానీ రోజూ అలా చేయొద్దు. వదలడం కూడా కసరత్తులో భాగమే, చాలామంది మర్చిపోయేది అదే. ముందే అక్కడ నొప్పి, మూత్రానికి మంట ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

దీనికి గది అక్కర్లేదు, తలుపు వేసుకోనక్కర్లేదు. సైటుకు పోయే బస్సులో కూర్చుని చేసినా పక్కవాడికి తెలియదు. మూడు నెలలకు ముందు ఫలితం చూడొద్దు. మానేస్తే జిమ్ మానేసినవాడి చేతిలాగే మెల్లగా మొదటికొస్తుంది. చుట్టీ నవంబరులో అనుకుంటే మే, జూన్‌లో మొదలుపెట్టాలి, టికెట్ చేతికొచ్చిన రోజు కాదు.

దీనికి తోడు ఒంటి సంగతి. ఊబకాయం, అంగస్తంభన సమస్య రెండూ ఉన్న 110 మందితో ఇటలీలో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. రెండేళ్ల పాటు తిండి, నడక మార్చుకుని బరువు తగ్గిన 55 మందిలో 17 మందికి సమస్య పోయింది. మామూలు సలహాలు మాత్రమే విన్న మిగతా 55 మందిలో ముగ్గురికే. గల్ఫ్‌లో మనోళ్ల పొట్టలు పెరగడానికి డ్రైవింగు సీటు, రాత్రి పదింటి బిర్యానీ, పెప్సీ క్యాన్లు, సిగరెట్లు చాలు. షుగరు కూడా అక్కడే మొదలవుతుంది.

అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కన్నా సన్నగా ఉంటాయి. పూడిక వస్తే ముందు దెబ్బ తినేవి అవే. నలభై దాటినవాడికి కొత్తగా గట్టిదనం తగ్గితే, కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండె జబ్బుకు అది ముందస్తు కబురు కావచ్చు. అలాంటివాడు సైజు వ్యాయామాల వెంటపడి ఆరు నెలలు పోగొట్టుకుంటే నష్టపోయేది సెంటీమీటర్లు కాదు.

మందుల మూట

బస్టాండు గోడల మీద 'రహస్య రోగాలు' రాతలు చూడని తెలుగువాడు లేడు. అంగం సైజు, ఆకారం పెంచుతామని ఏ మందూ చెప్పుకోకూడదని మన దేశంలో ఔషధ నిబంధనల షెడ్యూల్ జె లోనే ఉంది. ఇలాంటి ప్రకటనలను అడ్డుకోవడానికి 1954 నుంచే ఇంకో చట్టం కూడా ఉంది. గోడలు మాత్రం ఖాళీగా లేవు, ఇప్పుడు ఫోన్లకు కూడా ఎక్కాయి. 'మూలికలతో తయారైంది' అని అమ్మే చాలా క్యాప్సూళ్లలో వయాగ్రా మందు సిల్డెనాఫిల్ దొంగచాటుగా కలిపినట్టు అమెరికా ఔషధ సంస్థ పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేటు మాత్రలు వాడేవాళ్లు ఇవి మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ముప్పు. 'టైమింగు' కోసమని ఎవరో ఇచ్చిన ట్రామడాల్ మాత్రలు సంచిలో పెట్టుకుని వస్తారు. అది నొప్పి మందు, అలవాటు పడితే వదలదు. యూఏఈలో అది నియంత్రిత మందు. ముందుగా అనుమతి, డాక్టరు చీటీ లేకుండా దొరికితే కేసు, జైలు. గసగసాల పొట్లానికే మనవాళ్లు ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటున్న చోట పేరు లేని పొట్లం, లేబుల్ లేని డబ్బా ఏదీ వద్దు. స్నేహితుడి కోసమని పంపినా వద్దు.

డాక్టరు దగ్గర

అంగం వంగినా, లోపల గట్టి గడ్డ తగిలినా, స్తంభించినప్పుడు నొప్పి ఉన్నా, ఉదయం నిద్ర లేచేటప్పుడు వచ్చే గట్టిదనం కూడా నెలల తరబడి రాకపోయినా యూరాలజిస్టును కలవాలి. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూస్తారు, అవసరమైతే ఉదయం పూట రక్తం తీసి టెస్టోస్టిరాన్ చూస్తారు. గల్ఫ్ క్లినిక్కుల్లో హిందీ, మలయాళం వచ్చిన డాక్టర్లు చాలామంది ఉంటారు. నోట మాట రాకపోతే కాగితం మీద రాసి ఇచ్చినా వాళ్లకు చాలు.

చాలా రోజుల తర్వాత ఇంటికి పోయినప్పుడు మొదటి రెండు మూడు రోజులు తొందరగా అయిపోవడం, లేదా భయానికి అసలు లేవకపోవడం మామూలే. నెలలు, ఏళ్లు దూరంగా ఉన్న శరీరం అది. ఇల్లంతా చుట్టాలు, పక్క గదిలో అమ్మానాన్న, పిల్లలు నిద్రపోరు, ఆమెకు కూడా పొద్దుటి నుంచి వంటతోనే సరిపోయి ఉంటుంది. వారం గడిచాక చూసుకోవాల్సిన దాన్ని మొదటి రాత్రే తేల్చుకోవాలనుకుని ఎవరో ఇచ్చిన మాత్ర మింగేవాళ్లు ఉన్నారు. ఏ మాత్ర వేసుకున్నా సరే, స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే సిగ్గుపడి తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలి. ఆలస్యమైతే లోపలి స్పాంజి దెబ్బతిని, తర్వాత ఏ కసరత్తూ, ఏ మందూ దాన్ని తిరిగి తేలేవు.